చాటింపు ఎవరిది? ‘పుట్నీ స్వోప్’ సినిమా, పశ్చిమ ప్రకాశం తప్పెట

1969 జూలైలో అమెరికాలో ‘పుట్నీ స్వోప్’ అనే సినిమా విడుదలైంది. దర్శకుడు రాబర్ట్ డౌనీ, తెల్లవాడు. ఇవాళ్టి కుర్రకారుకు తెలిసిన అదే పేరు గల హాలీవుడ్ నటుడికి తండ్రి. వ్యాపార ప్రకటనల పరిశ్రమను నవ్వుతూనే ఉతికి ఆరేసిన సినిమా అది. ఏడు నెలల తర్వాత, 1970 ఫిబ్రవరి 2న, కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్నీ, నెల్లూరు జిల్లా నుంచి కనిగిరి, పొదిలి వగైరాల్నీ, గుంటూరు జిల్లా నుంచి ఒంగోలు వైపునీ కలిపి కొత్త జిల్లా చేశారు. దానికే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. ఈ రెండు సంగతులకూ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ సినిమా చూస్తున్నంతసేపూ మాకు మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు ఊళ్లలో చాటింపు వేసిన మన పెద్దలే గుర్తుకొచ్చారు. ఎందుకు గుర్తుకొచ్చారో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు కథ. న్యూయార్కులో ఒక పెద్ద ప్రకటనల కంపెనీ. డైరెక్టర్ల సమావేశం మధ్యలో, మాట్లాడుతూ మాట్లాడుతూనే ఛైర్మన్ చచ్చిపోతాడు. శవం బల్ల మీద ఉండగానే కొత్త ఛైర్మన్ ఎన్నిక మొదలవుతుంది. రహస్య ఓటు. ఎవరికి వాళ్లు ఓటు వేసుకోకూడదని నిబంధన. అక్కడున్నవాళ్లలో ఒకే ఒక్క నల్లవాడు పుట్నీ స్వోప్. సంగీతం పని చూసుకునే మనిషి. ‘వీడికి ఇంకెవడూ వెయ్యడులే’ అనే ధీమాతో ఎవడికి వాడు తన ఓటు అతనికే వేస్తాడు. లెక్కపెట్టేసరికి పుట్నీ ఛైర్మన్! అతను ఒకరిద్దరు తప్ప తెల్లవాళ్లందర్నీ పంపించేసి, కంపెనీ పేరు ‘ట్రూత్ అండ్ సోల్’ అని మారుస్తాడు. సత్యమూ ఆత్మా అన్నమాట. మూడింటికి ప్రకటనలు చెయ్యనంటాడు: సారాయి, సిగరెట్లు, పిల్లల యుద్ధ బొమ్మలు. సినిమా అంతా నలుపు తెలుపులో నడుస్తుంది, కంపెనీ తీసిన ప్రకటనలు మాత్రం రంగుల్లో వస్తాయి. బతుకు ఒక రంగూ అమ్ముకునేది ఇంకో రంగూ అని దర్శకుడు నోటితో చెప్పకుండా చూపించాడు.

ఈ కథ గాల్లోంచి పుట్టలేదు. డౌనీ అంతకుముందు ఒక సంస్థలో ప్రయోగాత్మక వ్యాపార చిత్రాలు తీసేవాడు. అదే పని చేస్తున్న నల్లజాతి సహోద్యోగి, తనకు మాత్రం జీతం ఎందుకు తక్కువని యజమానిని అడిగాడట. నీకు పెంచితే అతనికీ పెంచాలి, అప్పుడు మళ్లీ మొదటికే వస్తాం గదా అన్నాడట యజమాని. డౌనీయే ఆ తర్వాత చెప్పిన సంగతి ఇది. కూలి తేడా అనేది పనిలో ఉండదు, పుట్టుకలో ఉంటుంది అనే సూత్రం ఇంత కుండబద్దలు కొట్టినట్టు చెప్పిన యజమాని మన దగ్గర దొరకడు. ఇక్కడ ఆ పని ధర్మశాస్త్రాలు చేసిపెట్టాయి.

సినిమాలో మమ్మల్ని పట్టుకున్న విషయం ఇంకొకటుంది. కథలో అది ఎక్కడా కనిపించదు. పుట్నీ వేషం వేసింది ఆర్నాల్డ్ జాన్సన్ అనే నల్లజాతి నటుడు. తెర మీద వినబడే గొంతు ఆయనది కాదు. ఆయనకు సంభాషణలు గుర్తుండటం లేదని డౌనీ తనే గొంతు మార్చి డబ్బింగు చెప్పాడు. కారణం దర్శకుడు చెప్పిందే. ముఖం నల్లవాడిది, గొంతు తెల్లవాడిది. తెల్లవాళ్ల ప్రకటనల ప్రపంచాన్ని ఒక నల్లవాడు స్వాధీనం చేసుకున్న కథలో ఆ నల్లవాడి నోటి నుంచి వచ్చే ప్రతి మాటా తెల్ల దర్శకుడి గొంతే. 2016లో ఈ సినిమాను అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారంలో చేర్చారు. భద్రపరిచినదాంట్లోనూ ఆ గొంతే ఉంది.

ఇక్కడ మన ఊరికి రావాలి.

మన దేశంలో ప్రకటనల చరిత్ర రాసేవాళ్లు 1905లో బొంబాయిలో పెట్టిన దత్తారాం కంపెనీతో మొదలుపెడతారు. తర్వాత 1929లో వచ్చిన జె. వాల్టర్ థామ్సన్, 1967లో వివిధ భారతి ప్రకటనలు, 1976 జనవరి నుంచి దూరదర్శన్ ప్రకటనలు. అంతా కాగితం, కరెంటు, కంపెనీల చరిత్ర. కాగితం చదవలేని లక్షల ఊళ్లకు వార్త ఎట్లా చేరింది అనే ప్రశ్న ఆ పుస్తకాల్లో లేదు. ఆ ప్రశ్న అడిగితే తప్పెట పట్టుకున్న మాదిగ కనబడతాడు, అతన్ని చరిత్రలో కూర్చోబెట్టాల్సి వస్తుంది.

‘ఇందుమూలముగా యావన్మంది గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా...’ ఈ మాట వినని తెలుగువాడు లేడు. సినిమాల్లో నవ్వించడానికి వాడుకుంటారు. నవ్వేముందు ఒక్కసారి ఆ వాక్యాన్ని చూడండి. ఇది మాదిగపల్లెలో మాట్లాడే తెలుగేనా? ‘ఇందుమూలముగా’ అని ఏ మాదిగ తల్లి తన బిడ్డతో అంటుంది? ఇది కరణం తెలుగు, కచేరీ తెలుగు. బడి గడప తొక్కనివ్వని మనిషి చేత, అక్షరం చూడనివ్వని మనిషి చేత, ఆ అక్షరాల భాషను కంఠతా పట్టించి ఊరంతా తిప్పారు. మునసబు చెప్తాడు, కరణం రాస్తాడు, మాదిగ అరుస్తాడు. పుట్నీ స్వోప్ విషయంలో జరిగిందే తిరగేసి జరిగింది. అక్కడ ముఖం నల్లవాడిది, గొంతు యజమానిది. ఇక్కడ గొంతు మాదిగది, మాట యజమానిది. డబ్బింగు అనే విద్య సినిమావాళ్లు కనిపెట్టారని మేం నమ్మం.

చాటింపులో ఏముండేది? శిస్తు కట్టే గడువు, జప్తు, వేలం పాట, చెరువు తూము తెరిచే రోజు, కలరా వచ్చిందనే హెచ్చరిక, తప్పిపోయిన గొడ్డు, జాతర, ఓట్ల రోజు. కంభం చెరువు లాంటి పెద్ద చెరువు కింద నీళ్లు ఎప్పుడు వదులుతారో తెలియడం అంటే పంటకు ప్రాణం. వార్త ఆలస్యమైతే చాటినవాడిదే తప్పు. వార్త చెడ్డదైతే తిట్లు తిన్నదీ వాడే. చావుకు ఒక దెబ్బ, జాతరకు ఒక దెబ్బ, చాటింపుకు ఒక దెబ్బ. మాట అర్థమయ్యేలోపే దెబ్బను బట్టి ఊరికి సంగతి తెలిసేది. ప్రకటనల కంపెనీలు లక్షలు పోసి రాగాలు కట్టించుకునేది దీనికోసమే గదా! చెవిన పడగానే సరుకు గుర్తుకు రావాలని. ఆ కంపెనీలకు పత్రికల నుంచీ రేడియోల నుంచీ నూటికి పదిహేను కమీషన్ దక్కడం చాలాకాలం ఆచారంగా నడిచింది. తప్పెట కొట్టినవాడికి దక్కింది కళ్లం దగ్గర కొలిచిన మేర గింజలు, కొన్నిచోట్ల ఇంత ఇనాం చెక్క. మేర అడగడానికి కళ్లం బయట నిలబడాలి. అడిగితే పెట్టేది, అడగకపోతే మరిచిపోయేది.

దీన్ని ‘ఆచారం’ అని తేలిగ్గా అనేస్తే రాజ్యం తప్పించుకుంటుంది. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం చూడండి. మునసబు, కరణంతోపాటు తలారి, నీరుగంటి, వెట్టి కూడా ఆ జాబితాలో ఉన్నారు. కరణం కొడుకు కరణం కావడానికీ వెట్టి కొడుకు వెట్టి కావడానికీ ఒకే చట్టం ముద్ర వేసింది. (కొన్ని ఊళ్లలో వెట్టి మాలలది, తప్పెట మాదిగలది. ఈ పంపకం ఊరికో తీరుగా ఉండేది, దాన్ని ఒకే గాటన కట్టడం తప్పు.) కర్నూలు జిల్లాలోని మార్కాపురం, కంభం తాలూకాలూ, నెల్లూరు జిల్లాలోని కనిగిరి, పొదిలీ అన్నీ మద్రాసు రాజ్యం కిందివే కాబట్టి అన్నిటికీ అదే చట్టం. ఇక 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 21వ ఆర్డరు, 54వ రూలు: స్థిరాస్తిని జప్తు చేస్తే ఆ ఉత్తర్వును ఆ ఆస్తి దగ్గర డప్పు మోగించి గానీ మరో వాడుక పద్ధతిలో గానీ చాటాలి. ఆ రూలు ఇవాళ్టికీ ఉంది. డప్పు ఎవరు మోగించాలో మాత్రం అందులో రాయలేదు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. రాసేవాడి పదవి పోయింది, తప్పెట దింపమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

అయితే తప్పెటను దింపినవాళ్లు అంతకు నూరేళ్ల ముందే ఉన్నారు. వాళ్ల గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క ముక్క లేదు.

1866లో తాళ్లకొండపాడు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు జాన్ క్లౌ కంటే ఈ దంపతులే అసలు మూలం అని మా అభిప్రాయం. క్లౌ వచ్చేవాళ్లకు పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మత ప్రచారానికి సంబంధించిన మాటల్లాగే కనబడతాయి. ఊళ్లోకి వచ్చేసరికి మూడూ కూలి తగాదాలైపోయాయి. ఆదివారం పని మానడం అంటే ఆసామి పిలిస్తే రాకపోవడం. విగ్రహానికి మొక్కకపోవడం అంటే జాతరలో తప్పెట కొట్టకపోవడం. మేం కొట్టం అన్నారు. తప్పెట లేకపోతే జాతర ఎట్లా సాగుతుంది? ఊరి పెద్దలకు కోపం వచ్చింది. బావుల దగ్గర కట్టడి, పనులు లేవనడం, దొంగ కేసులు. ఇదంతా క్లౌ ఆత్మకథలోనే ఉంది. ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల గురించి విడిగా ఒక పుస్తకమే రాసింది. 1876-78 ధాత కరువు తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నల్లమలలో పుట్టి కంభం చెరువు నింపి కిందికి దిగేది ఆ గుండ్లకమ్మే. గంజి కోసం చేరారని అగ్రకులాల చరిత్రకారులు తేల్చేశారు. గంజి కోసమే అయితే అంతకు పదేళ్ల ముందు నుంచీ తప్పెట దింపి దెబ్బలు తిన్నవాళ్ల సంగతేమిటి?

పుట్నీ సారాయి ప్రకటన చెయ్యను అన్నప్పుడు థియేటర్లో జనం నవ్వి ఉంటారు. మాకు నవ్వు రాలేదు. మాధ్యమం చేతిలో ఉన్నవాడు ‘నీ సంగతి నేను చాటను’ అంటే యజమానికి ఎంత దడ పుడుతుందో ఈ జిల్లా 1870ల నాటికే చూసింది. సారాయి అంటే ఇంకో సంగతి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో జిల్లాలు దాటిన ఉద్యమంలో ఆడవాళ్లు పట్టుకున్న కీలకం సారా వేలం పాట. దుకాణాలు మూయించి ఊరుకోలేదు, అమ్మకం హక్కు చాటి పాడుకునే చోటుకే వెళ్లి అడ్డం నిలబడ్డారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది.

తప్పెటను దింపడం ఒక దారి. దానికి ఖర్చు ఉంది. తప్పెటతోపాటు ఆ విద్య, ఆ దెబ్బలు, ఆ ఆట కూడా కొన్ని ఇళ్లలో ‘సిగ్గు’ కింద జమైపోయాయి. మిషన్ బడిలో చదువుకున్న తరం తప్పెటను అటక మీదికి నెట్టింది. మేం వాళ్లను తప్పు పట్టం. చేతికి పలక కావాలన్నవాడు పలక దింపాల్సిందే మరి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. రాయలసీమలోనూ దాని అంచు ప్రాంతాల్లోనూ డప్పును పలక అని కూడా అంటారు. మార్కాపురం దేశానికి బడి పలకలు అమ్మిన ఊరు. అక్కడి గనుల రాయి ఎన్నో రాష్ట్రాల పిల్లల చేతుల్లో అఆలు దిద్దించింది. 1987 జాతీయ బాలకార్మిక విధానం తర్వాత 1988లో ప్రభుత్వం మొదలుపెట్టిన బాలకార్మిక ప్రాజెక్టుల్లో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. పలక మీద రాయాల్సిన పిల్లలు పలకలు కోస్తూ, అరగదీస్తూ దుమ్ము పీల్చారు. ఒక పలక తరతరాలుగా మెడకు తగిలించారు, ఇంకో పలక తయారు చేయించుకుని చేతికివ్వలేదు.

రెండో దారి 1994లో తెరుచుకుంది. జూలై 7న ఇదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో అది జనం నోట ‘దండోరా’ అయింది. ఆ పేరులోనే ఉంది అంతా. దండోరా అంటే చాటింపు. నిన్నటిదాకా మునసబు మాటను ఊరికి చాటిన తప్పెట, మొదటిసారి మాదిగ మాటను రాజధానికి చాటింది. తిట్టుగా వాడిన కులం పేరును తన పేరు చివర పెట్టుకోవడం కూడా చాటింపే. వర్గీకరణ మీద 2000లో చట్టం వచ్చింది, 2004 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. ఆ డిమాండు మీద మాల, మాదిగ మిత్రుల మధ్య ఉన్న వాదం ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. దాన్ని ఇక్కడికి లాగం. తప్పెట ఎవరి మాటను మోసింది అన్నంతవరకే మా ప్రశ్న. ఆ లెక్కన ఈదుముడి, తాళ్లకొండపాడుకు జవాబు. అటక మీది నుంచి తప్పెటను కిందికి దించినవాళ్లు వీళ్లు.

ఇక సినిమా చివర. పుట్నీ మారిపోతాడు. కింది ఉద్యోగుల ఆలోచనల్ని దొంగిలించి వాళ్లనే ఉద్యోగాల్లోంచి తీసేస్తాడు. కాస్ట్రో మాదిరి దుస్తులు వేసుకుని, వచ్చిన ప్రతి కంపెనీ దగ్గరా పది లక్షల డాలర్లు రొక్కంగా గుంజుతాడు. ఆఖరికి ఒక మూట పట్టుకుని వెళ్లిపోతాడు, మిగతా డబ్బు తగలబడిపోతుంది. కుర్చీ ఎక్కితే ఎవడైనా అంతే అని సారాంశం తీసేవాళ్లకు ఇది భలే అనుకూలం. మేం ఇక్కడ ఆగుతాం. నల్లవాడికి ఒక్కసారి కుర్చీ దొరికిన కథను, అతను చెడిపోవడంతోనే ముగించాలని ఎవరికి తోచింది? ఆ గొంతు ఎవరిదో ముందే చెప్పాం. ఈ సినిమా మరుగుజ్జుల మీద, అరబ్బుల మీద, ఆడవాళ్ల మీద వేసిన జోకుల్లో కూడా సగం మాకు మింగుడు పడలేదు. అందర్నీ సమానంగా వెక్కిరించాం అనడం, అందరూ సమానంగా నిలబడి ఉన్నచోట చెల్లే మాట.

కానీ మొదటి సన్నివేశం మాత్రం మన పంచాయతీలకు అద్దం. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత ఎస్సీలకు రిజర్వయిన ఊళ్లలో సర్పంచిని ఎట్లా ఎంచుతారో పశ్చిమ ప్రకాశం వాళ్లకు చెప్పక్కర్లేదు. మన ఇంట్లో జీతం ఉన్నవాడు ఎవడు, ఎదురు చెప్పనివాడు ఎవడు అని చూసి ఆసాములు నామినేషన్ వేయిస్తారు. సంతకం ఇతనిది, పెత్తనం ఉప సర్పంచిది. పుట్నీని ఎన్నుకున్నవాళ్లు పొరపాటున ఎన్నుకున్నారు, ఇక్కడ లెక్క చూసుకునే ఎన్నుకుంటారు. అయినా ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఒక్కోసారి సొంత గొంతుతో మాట్లాడతాడు. మాట్లాడినచోట ఏమవుతుందో అందరికీ తెలుసు. ‘వీళ్లకు పదవిస్తే చూడండి’ అనే పుట్నీ కథ మొదలవుతుంది.

ఇవాళ చాటింపు మైకు ఆటోలో వస్తోంది. పట్నంలో రికార్డు చేసిన గొంతు, మెమరీ కార్డులోంచి. తప్పెట చప్పుడు కూడా రికార్డు చేసిందే. మనిషి అక్కర్లేదు. టీవీలో చర్మం తెల్లబడే క్రీము ప్రకటన దశాబ్దాలు నడిచింది. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య మీద నల్లజాతి జనం వీధుల్లోకొచ్చాక గానీ ఆ క్రీము పేరులోంచి ‘ఫెయిర్’ అనే మాట పోలేదు. ఆ క్రీము కొనుక్కున్న మన పిల్లల కోసం ఇక్కడెవరూ పేరు మార్చలేదు. ప్రభుత్వం డప్పు కొట్టేవాళ్లకు పింఛను ఇస్తోంది, 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. మంచిదే, అవసరమే. ఆ జాబితాలో వాళ్ల పేరు ‘డప్పు కళాకారులు’. కళకు ఇస్తున్నారు. తరతరాలుగా సర్కారు కాగితాన్ని ఊరూరా మోసిన ఉద్యోగానికి కాదు.

తర్లుపాడు, బేస్తవారిపేట, కంభం, రాచర్ల, గిద్దలూరు, యర్రగొండపాలెం, దోర్నాల వైపు చాటింపు వేసిన పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. ఏ సంగతికి ఏ దెబ్బ, ఏ ఊళ్లో మేర ఎంత, కరణం చెప్పిన మాటను వాళ్లు తమ తెలుగులోకి ఎక్కడెక్కడ మార్చి చాటారు, ఎప్పుడు కొట్టనన్నారు, అన్నాక ఏం జరిగింది. ఆ ఊళ్ల నుంచి కాలేజీలకు వెళ్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందు వాళ్ల దగ్గర కూర్చోవాలి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయండి. ‘ఇందుమూలముగా’ లోకి మార్చకండి.